పత్తి మందులూ మనిషి నాడులూ: కౌతాళం చేల నుంచి ఒక సమీక్ష

కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆదోనికి వాయవ్యంలో, ఎమ్మిగనూరుకు పడమట ఉన్న కౌతాళం మండలంలో తుంగభద్ర దిగువ కాలువ నీరు అందిన చోట వరి, మిరప పండుతాయి. అందని నల్లరేగడి నేలల్లో వానను నమ్ముకుని పత్తి వేస్తారు. ఆ పత్తి ఆదోని మార్కెట్ యార్డుకు చేరేలోపు దాని మీద పడే మందులకు పేర్లు, కంపెనీలు, డబ్బాల రంగులు ఎన్ని ఉన్నా, వాటిలో చాలావరకు చేసే పని ఒకటే. అవి పురుగు నాడులనో, ఆ నాడులు నడిపే కండరాలనో చెడగొడతాయి. నాడి పనిచేసే మూలసూత్రం పురుగులోనూ మనిషిలోనూ దాదాపు ఒకటే కావడంవల్ల, పురుగు కోసం కలిపిన మందు కొట్టేవాడినీ పట్టుకుంటుంది. అందుచేత మనిషి నాడీవ్యవస్థను గురించి శాస్త్రం ఇప్పటివరకు తెలుసుకున్నదాన్ని సమీక్షించడానికి పురుగుమందుల అంగడి అరలు పాఠ్యపుస్తకం అంత పనికివస్తాయి: ఒక్కొక్క డబ్బా ఆ వ్యవస్థలో ఒక్కొక్క భాగాన్ని గురిచూసి తయారైంది. వాటన్నిటినీ వరసగా పరిశీలిస్తే తేలే విషయం ఒకటి ఉంది. నాడీవ్యవస్థ బలం సంకేతాన్ని పుట్టించడంలో కంటే, పుట్టిన సంకేతాన్ని సకాలంలో ఆపడంలో ఎక్కువగా ఉంది. ఈ విషాల్లో చాలావరకు దెబ్బతీసేది ఆ ఆపే ఏర్పాటునే.

నాడీవ్యవస్థకు మూలమైన ప్రమాణం నాడీకణం, అంటే న్యూరాన్. దానికి ఒక కణదేహం, ఇతర కణాల నుంచి సమాచారాన్ని అందుకునే కొమ్మల వంటి డెండ్రైట్లు, సమాచారాన్ని ముందుకు మోసుకుపోయే పొడవైన అక్షతంతువు ఉంటాయి. ఈ కణాలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయిన అఖండమైన వల కాదని, వేటికవి విడివిడిగా ఉంటూ సన్నని ఖాళీల మీదుగా సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకుంటాయని స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ వాదించగా, అతడు వాడిన రంజన పద్ధతిని కనిపెట్టిన ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ అందుకు విరుద్ధంగా అఖండమైన వలనే సమర్థించాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చినా, తర్వాతి పరిశోధన కహాల్ పక్షానే నిలిచింది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని 2009లో వెలువడిన లెక్క చెబుతోంది. శరీర బరువులో మెదడు వాటా 2 శాతం మాత్రమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో అయిదో వంతు దానికే పోతుంది.

ఆ శక్తి ఎందుకు ఖర్చవుతుందన్న ప్రశ్నకు జవాబు నాడీకణపు పొరలో ఉంది. పొరకు లోపలివైపు బయటివైపు కంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ విద్యుత్తు ఉంటుంది. బయట సోడియం అయాన్లు, లోపల పొటాషియం అయాన్లు ఎక్కువగా ఉండేలా పొరలోని ఒక పంపు ఎడతెరిపి లేకుండా సోడియాన్ని బయటికి తోస్తూ, పొటాషియాన్ని లోపలికి లాగుతూ ఉంటుంది. 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌ గుర్తించిన ఈ పంపుకు ఇంధనం ఏటీపీ అనే అణువు. కండరంలో ఆ అణువును 1929లో లోమన్ అనే శాస్త్రవేత్తతో దాదాపు ఒకే కాలంలో, అతడితో సంబంధం లేకుండా, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నది తెలుగు పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం. సంకేతం పుట్టవలసిన క్షణాన పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుని, సోడియం లోపలికి దూసుకువచ్చి, విద్యుత్తు తలకిందులవుతుంది; ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే ఆ ద్వారాలు మూసుకుపోయి, పొటాషియం ద్వారాలు తెరుచుకుని, పొర మళ్లీ మొదటి స్థితికి వస్తుంది. ఈ క్రమాన్ని సముద్రపు స్క్విడ్ అనే జీవి మందపాటి నాడీతంతువు మీద కొలిచి, 1952లో సమీకరణాలుగా రాసిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీలకు 1963లో నోబెల్ దక్కింది. కొవ్వుతో కూడిన మైలిన్ తొడుగు ఉన్న తంతువుల్లో ఈ అల సెకనుకు 100 మీటర్లకు మించిన వేగంతో పోగలదు. తొడుగు లేని సన్నని నొప్పి తంతువుల్లో సెకనుకు ఒకటి రెండు మీటర్లే. కాలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు మొదట చురుక్కుమని, కాస్త ఆగి సలుపు రావడం ఈ వేగభేదం వల్లనే.

సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ వంటి పైరిత్రాయిడ్ మందులు పట్టుకునేది ఈ సోడియం ద్వారాలనే. అవి ద్వారాన్ని తెరవవు, తెరుచుకున్నదాన్ని మూసుకోనివ్వవు. ఒక్క సంకేతం పోవలసిన చోట సంకేతాల పరంపర పుట్టి పురుగు గిలగిల కొట్టుకుని చస్తుంది. మనిషి శరీరపు వేడి ఎక్కువ కావడం, కాలేయం ఈ మందును త్వరగా విరగగొట్టడం, మనిషి ద్వారాలకు దీని పట్టు తక్కువ కావడం వల్ల ప్రాణాపాయం అరుదు. అయినా ఈ మందు కొట్టిన సాయంత్రం ముఖం మంటెత్తి, చీమలు పాకినట్టు ఉండడం పత్తిరైతులకు అనుభవమే. అది చర్మవ్యాధి కాదు. చర్మంలోని నాడీకొసలు ఆగకుండా సంకేతాలు పంపడం.

సంకేతాలు పోయి చేరే కేంద్రాల సంగతిని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మెదడు, వెన్నుపాము కలిసి కేంద్ర నాడీవ్యవస్థ. వాటి నుంచి శరీరమంతటికీ వెళ్లే నాడులు పరిధీయ నాడీవ్యవస్థ. మస్తిష్కం ఆలోచనకు, గుర్తింపుకు, ఇచ్ఛాపూర్వకమైన కదలికకు నెలవు. వెన్నుపాము పైన ఉండే మజ్జాముఖం శ్వాసను, గుండెను నడుపుతుంది. తల వెనుకభాగంలోని అనుమస్తిష్కం కదలికలకు పొందిక కూరుస్తుంది. మెదడు నాడీకణాల్లో సుమారు 6,900 కోట్లు ఈ చిన్న భాగంలోనే ఉన్నాయి. ఆ సంఖ్య ఎందుకు అవసరమో ఎమ్మిగనూరులో గుంట మగ్గం ముందు కూర్చున్న నేతగానిని చూస్తే తెలుస్తుంది. కాలు తొక్కుడు పలకను నొక్కగానే పడుగు రెండుగా చీలుతుంది, కుడిచేయి తాడు లాగగానే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెడుతుంది, ఎడమచేయి అచ్చుపలకను ఒంటిమీదికి లాగి పేకను దగ్గరకు కొడుతుంది; ఈ మూడింటిలో ఏది క్షణం ముందైనా వెనకైనా పోగు తెగుతుంది. నేర్చుకునే రోజుల్లో మస్తిష్కం ఒక్కొక్క కదలికనూ ఆలోచించి చేయిస్తుంది. ఏళ్లు గడిచాక అనుమస్తిష్కం ఆ కాలమానాన్ని తనలో స్థిరపరచుకోవడంతో, నేతగాడు మాట్లాడుతూనే నేయగలుగుతాడు. ఇక్కడ కూడా ఆపడమే ముఖ్యం: అనుమస్తిష్కం నుంచి సంకేతాలను బయటికి పంపే ఏర్పాటుకు ముఖద్వారమైన పుర్కిన్జీ కణాలు తాము చేరే కణాలను రేపవు, అణచివేస్తాయి.

మెదడులో అణచివేసే ముఖ్య రసాయనం గాబా. ఇది కణంలోకి క్లోరైడ్ అయాన్లను రానిచ్చి, ఆ కణం సంకేతం పంపడాన్ని కష్టతరం చేస్తుంది. ఒకప్పుడు పత్తి చేలల్లో విరివిగా వాడిన ఎండోసల్ఫాన్ ఈ గాబా గ్రాహకాన్ని మూసివేసేది. అణచివేత తొలగిన మెదడులో సంకేతాలు అదుపు తప్పి మూర్ఛలు వచ్చేవి. ఎండోసల్ఫాన్ పడినవారు మూర్ఛలతో ఆసుపత్రికి రావడానికి కారణం ఇదే. 2011లో సుప్రీంకోర్టు దాని తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని దేశవ్యాప్తంగా నిలిపివేసింది.

అన్నిటికంటే ఎక్కువగా పరిశీలించవలసిన చోటు రెండు నాడీకణాల నడుమ, లేదా నాడీ కొసకూ కండరానికీ నడుమ ఉండే సన్నని ఖాళీ. దానిని సినాప్స్ అంటారు. కండరం దగ్గర దాని వెడల్పు మిల్లీమీటరులో ఇరవైవేల వంతు మాత్రమే. ఈ ఖాళీని విద్యుత్తు దాటదని, రసాయనం దాటుతుందని 1921లో ఒట్టో లోవీ రెండు కప్పల గుండెలతో నిరూపించాడు: మొదటి గుండెకు వెళ్లే నాడిని రేపి దానిని మందగింపజేసి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండో గుండెకు పోయగా అదీ మందగించింది. ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్. ఈ కృషికి లోవీ, ఇంగ్లండుకు చెందిన హెన్రీ డేల్ 1936లో నోబెల్ పంచుకున్నారు. సంకేతం నాడీ కొసకు చేరగానే, ఒక్కొక్కదానిలో వేలకొద్దీ ఎసిటైల్‌కోలిన్ అణువులున్న తిత్తులు ఖాళీలోకి విచ్చుకుంటాయి. అవతలి పొర మీది గ్రాహకాలకు అవి తగలగానే కండరం ముడుచుకుంటుంది. అక్కడితో పని సగమే అయింది. కండరం మళ్లీ వదులు కావాలంటే ఆ రసాయనం వెంటనే మాయం కావాలి. ఖాళీలోనే కాచుకుని ఉండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ పని చేస్తుంది. దాని ఒక్క అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను విరగగొడుతుంది.

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్, ప్రొఫెనోఫాస్, అసిఫేట్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఈ ఎంజైముకు అతుక్కుని దానిని పనికిరాకుండా చేస్తాయి. ఈ తరగతిలోనే, జర్మనీలో పురుగులను చంపే రసాయనాలు వెతుకుతున్న గెర్హార్డ్ ష్రాడర్ 1936లో టాబున్‌ను, తర్వాత సారిన్‌ను తయారుచేయగా, అవి యుద్ధ విషవాయువులయ్యాయి. అదే శాఖలో పారాథియాన్ పుట్టి చేలకు వచ్చింది. ఎంజైము ఆగిపోయాక ఎసిటైల్‌కోలిన్ పోగుపడుతూనే ఉండడంవల్ల, అది పనిచేసే ప్రతిచోటా ఒకేసారి గందరగోళం మొదలవుతుంది. గ్రంథుల దగ్గర చొంగ, చెమట, కన్నీరు ధారకడతాయి, శ్వాసనాళాల్లో ద్రవం నిండుతుంది, వాంతులు, విరేచనాలు, కడుపులో మెలి వస్తాయి, కంటిపాప సూదిమొన అంత చిన్నదవుతుంది, గుండె మందగిస్తుంది. కండరాల దగ్గర మొదట చర్మం కింద అదురు, తర్వాత నీరసం, చివరికి చచ్చుబడడం. మెదడులో కలవరం, మూర్ఛ, శ్వాసకేంద్రం మందగించడం. ఈ మూడు చోట్లా కలిసి వచ్చే ఫలితం ఊపిరి ఆగడం. ఈ విషంతో చనిపోయేవారిలో ఎక్కువమంది అలాగే చనిపోతారు.

శాస్త్రగ్రంథాల్లోని ఈ పట్టిక చేలో ఎలా మొదలవుతుందో దగ్గరగా చూడవలసి ఉంది. నడుము దాటి పెరిగిన పత్తిలో వీపు పంపు మోసుకుని నడిచేవాడి తొడలకు, చేతులకు తడి ఆకు రాసుకుంటూ ఉంటుంది. పంపు మూత సందున కారిన మందు చొక్కా వీపును తడుపుతుంది. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదడం కొందరికి అలవాటు. మందు కలపడం, పంపు నింపడం చాలాచోట్ల ఆడవారి పని, బకెట్టులో చేయి పెట్టి కలిపేవారూ ఉన్నారు. ఈ మందులు కొవ్వులో కరుగుతాయి కనుక చర్మం గుండా సులువుగా లోపలికి పోతాయి, చెమట పట్టిన చర్మంలో మరింత వేగంగా పోతాయి. తలనొప్పి, కళ్లు తిరగడం, ఒళ్లంతా చెమట అనే తొలి లక్షణాలను ఎండదెబ్బగా భావించి నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి ఊరుకోవడం సహజం. తేడా చెప్పేది కంటిపాప: నీడలోకి వచ్చినా అది సన్నగానే ఉండి, నోట్లో చొంగ ఊరుతుంటే అది మందు పట్టడమే.

చికిత్సలో మొదటిది అట్రోపిన్. ఇది ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాల్లో ఒక రకాన్ని, అంటే గ్రంథులు, గుండె, శ్వాసనాళాల్లో ఉండేవాటిని మూసివేస్తుంది; ఊపిరితిత్తులు తేటపడేదాకా వైద్యులు దానిని మళ్లీ మళ్లీ ఎక్కిస్తారు. ఈ పదార్థం మిరప, వంగ కుటుంబానికే చెందిన కొన్ని మొక్కల్లో ఉంటుంది. కర్నూలు చేల గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోనూ ఉంది. ఉమ్మెత్త తిన్నవారిలో కంటిపాప విప్పారడం, నోరెండిపోవడం, ఒళ్లు కాలడం, మతి చెదరడం కనిపించడానికి కారణం అదే. పత్తిమందు విషానికి అది సరిగ్గా తలకిందులు. అంతమాత్రాన ఉమ్మెత్తను విరుగుడుగా తినిపించడం రెండో విషాన్ని చేర్చడమే, ఎందుకంటే గింజలో మందు ఎంత ఉందో ఎవరూ కొలవలేరు. పైగా కండరాల దగ్గర ఉండే గ్రాహకాలు వేరే రకానివి కావడంతో అట్రోపిన్ అక్కడ పనిచేయదు. చచ్చుబడిన శ్వాసకండరాలకు వెంటిలేటర్ ఒక్కటే ఆధారం.

ఎంజైమును విషం నుంచి విడిపించే ప్రాలిడాక్సిమ్ విషయంలో వైద్యులకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. మహారాష్ట్రలోని బారామతిలో జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో, పెద్ద మోతాదును నిరంతరాయంగా ఎక్కించినప్పుడు మేలు కనిపించింది. శ్రీలంకలో జరిగి 2009లో వెలువడిన పరిశోధనలో మేలేమీ కనిపించలేదు. ఈ తేడాకు ఒక కారణంగా చెప్పదగినది కాలం. విషం పట్టిన ఎంజైము కొంతసేపటికి ముదిరి, ఇక ఏ మందుకూ విడివడని స్థితికి చేరుతుంది. మోనోక్రోటోఫాస్ వంటి డైమిథైల్ రకాల్లో సగం ఎంజైము నాలుగు గంటలలోపే ముదిరిపోగా, క్లోర్‌పైరిఫాస్ వంటి డైఇథైల్ రకాల్లో అందుకు 30 గంటలకు పైగా పడుతుంది. కౌతాళం నుంచి ఆదోని దగ్గరే అయినా, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి దాదాపు 100 కిలోమీటర్లు. సాయంత్రం చేలో పట్టిన మందును రాత్రి గుర్తించి, తెల్లవారి కర్నూలు చేరేసరికి మొదటి రకంలో ఆ అవకాశం చాలావరకు చేజారిపోయి ఉంటుంది. ఏ మందు తగిలిందో వైద్యుడికి తెలియడం ఎంత అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కోలుకున్నట్టు కనిపించినవారిలోనూ రెండు ప్రమాదాలు మిగిలి ఉంటాయి. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, భుజాలు, శ్వాసకండరాలు ఉన్నట్టుండి బలహీనపడే స్థితిని 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయక, కరల్లియెద్ద వర్ణించి దానికి మధ్యంతర లక్షణసముదాయం అని పేరుపెట్టారు. దిండు మీది నుంచి తల ఎత్తలేకపోవడం దాని తొలి గుర్తు. రెండోది, కొన్ని రకాల విషాలతో వారాల తర్వాత కాళ్లు చచ్చుబడడం. ఇలాంటి రసాయనం కల్తీ అయిన పానీయంతో 1930లో అమెరికాలో వేలమందికి, కల్తీ వంటనూనెతో 1988లో కోల్‌కతాలోని బెహాలాలో వందలమందికి కాళ్లు పడిపోయాయి.

నాడీ కొసకూ కండరానికీ నడుమ ఉండే ఇదే ఖాళీ పత్తి చేలో మరో శత్రువుకూ గురి. నాగుపాము విషం ముఖ్యంగా కండరం మీది గ్రాహకాన్ని మూస్తుంది. కట్లపాము విషం నాడీ కొసనే పాడుచేసి తిత్తులు విచ్చుకోకుండా చేస్తుంది. అందుచేత నాగుపాము కాటులో, పాము విషపు విరుగుడుతో పాటు, నియోస్టిగ్మిన్ అనే మందు కొంత ఉపయోగపడుతుంది, కట్లపాము కాటులో సాధారణంగా ఉపయోగపడదు. నియోస్టిగ్మిన్ చేసే పనీ ఎంజైమును కాసేపు ఆపడమే, అంటే పత్తిమందు చేసే పనే. మోతాదు, వ్యవధి మారడంతో అది ఔషధమైంది. అల్జీమర్స్ రోగులకు ఇచ్చే డోనెపెజిల్ కూడా ఈ కోవలోనిదే.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయతొలుచు పురుగుకు మందు కొట్టడం కొన్నేళ్లు తగ్గినా, పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక వంటి రసంపీల్చే పురుగులు పెరిగాయి. తర్వాత గులాబీరంగు పురుగు బీటీని తట్టుకోవడంతో పిచికారీలు మళ్లీ పెరిగాయి. రసంపీల్చే పురుగులకు వాడే ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాన్నే రేపుతాయి, అయితే పురుగు గ్రాహకానికి ఉన్నంత పట్టు మనిషి గ్రాహకం మీద వాటికి లేదు. ఎమామెక్టిన్ పట్టుకునే ముఖ్య ద్వారాలు మనిషిలో లేవు. క్లోరాంట్రానిలిప్రోల్ కండరంలో కాల్షియం విడుదలను చెడగొట్టినా, పురుగు గ్రాహకాన్నే ఎక్కువగా ఎన్నుకుంటుంది. మనిషి నాడికీ పురుగు నాడికీ గల చిన్న తేడాలను వెతికి పట్టుకోవడంలోనే ఈ రంగంలో నిజమైన ప్రగతి జరిగింది; మందు కొట్టేవాడి పద్ధతిలో మాత్రం అంత మార్పు రాలేదు.

అందుకు ఆధారాలు లేకపోలేదు. భారతదేశంలోని మూడు గ్రామాల్లో 2003 పత్తి కాలంలో జరిపిన పరిశీలనలో నమోదైన 323 సంఘటనల్లో 83.6 శాతం విషప్రభావ లక్షణాలతో కూడినవి. తీవ్రమైన నాడీ లక్షణాలు కనిపించినవారిలో కూడా ఎవరూ వైద్యుడి దగ్గరకు వెళ్లలేదు. వరంగల్ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారు 8,040 మంది కాగా, వారిలో 22.6 శాతం మరణించారు. 2002 వివరాల ప్రకారం 96 శాతం మంది చేలో మందు పట్టినవారు కాదు, మనసు విరిగి తామే తీసుకున్నవారు. ఈ రెండు పరిశీలనలనూ పక్కపక్కన పెడితే, ఆసుపత్రి లెక్కల్లోకి చేలో పట్టిన మందు సరిగ్గా ఎక్కడం లేదని అనుకోక తప్పదు. తక్కువ మోతాదుల్లో ఏళ్ల తరబడి తగిలితే జ్ఞాపకానికి, గర్భస్థ శిశువు మెదడుకు హాని కలుగుతుందన్న ప్రశ్న ఇంకా చర్చలోనే ఉంది. గర్భంలో ఈ మందుల బారిన ఎక్కువగా పడిన పిల్లల్లో తెలివితేటల పరీక్ష మార్కులు తక్కువగా ఉన్నట్టు 2011లో అమెరికాలో వెలువడిన పరిశోధనలు చూపాయి.

చట్టం నెమ్మదిగా కదిలింది. మిథైల్ పారాథియాన్‌ను 2018లో, ట్రయజోఫాస్, ఫోరేట్, డైక్లోర్‌వాస్‌లను 2020 చివర నిషేధించారు; మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణంపై నిషేధం 2023లో వచ్చింది. 2017లో మహారాష్ట్రలోని యావత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా మరణించిన తర్వాత కూడా అందుకు ఆరేళ్లు పట్టడం సమర్థించదగినది కాదు.

డబ్బా మీది ఎర్ర త్రికోణం అత్యంత విషమని, పసుపు ఆ తర్వాతి స్థాయి విషమని, నీలం మధ్యస్థమని, ఆకుపచ్చ స్వల్పమని తెలుపుతుంది. మందు కొట్టినవారికి చెమట, చొంగ, వాంతి, కంటిపాప సన్నబడడం కనిపిస్తే బట్టలు విప్పించి, సబ్బునీటితో ఒళ్లు, తల కడిగి, 108కి ఫోన్ చేయాలి. కడిగేవారు తమ చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి. వాంతి చేయించడానికి ప్రయత్నించకూడదు. బతుకు బరువనిపించినవారు, వారి ఇంటివారు 14416 టెలిమానస్ నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. రోగితో పాటు మందు డబ్బానో, దాని మీది కాగితాన్నో తప్పక ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వైద్యుడికి అన్నిటికంటే ముందు కావలసింది అదే.